దొరకని ట్రాన్సిస్టర్‌కు బదులు ఏది వేయాలి: ఇంట్లో ఆంప్లిఫయర్ కట్టుకునేవాళ్లకు

పాత సర్క్యూట్ ఒకటి పట్టుకుని హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే అందులో సగం నంబర్లు దొరకవు. బీసీ148, ఎస్ఎల్100, ఏసీ187 అని అడిగితే కౌంటర్ దగ్గర కుర్రాళ్లు కొందరు ఆ పేర్లే విని ఉండరు. పవర్ ట్రాన్సిస్టర్లతో ఇంకో ఇబ్బంది. "అన్నా, డీ718 ఉందా?" అంటే "అది రావట్లేదు, సీ5200 తీస్కో, సేమ్" అంటారు. వాళ్ల లెక్కలో సేమే, రెండూ ఎన్‌పీఎన్, రెండూ లావుపాటి నల్ల బిళ్లలు, రెండూ ఒక స్క్రూతో హీట్‌సింక్‌కు బిగుస్తాయి. కానీ మీ బోర్డు మీద ఆ చోట ఎన్ని వోల్టులు పడుతున్నాయో, ఎంత కరెంట్ పారుతుందో, ఎంత వేడి పుడుతుందో దుకాణంలో ఎవరికీ తెలియదు. అది మీకే తెలియాలి. ఆ మూడు అంకెలు కాగితం మీద రాసుకుని వెళ్తే ఏ నంబర్ చెప్పినా ఫోన్‌లో డేటాషీట్ తీసి రెండు నిమిషాల్లో అవునో కాదో తేల్చుకోవచ్చు.

ముందు వోల్టేజ్. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. మీ ట్రాన్స్‌ఫార్మర్ 24-0-24 అనుకోండి. 24ని 1.414తో గుణిస్తే 34, అంటే కెపాసిటర్ల మీద ప్లస్ 34, మైనస్ 34 వరకు వస్తాయి (బ్రిడ్జిలో ఒక వోల్టు అటూఇటూగా పోతుంది, దాన్ని వదిలేయండి). అవుట్‌పుట్ జతలో (స్పీకర్‌ను నడిపే రెండు పవర్ ట్రాన్సిస్టర్లు) ఒకటి పూర్తిగా ఆన్ అయినప్పుడు రెండో దాని మీద దాదాపు మొత్తం 68 వోల్టులూ పడతాయి. ఇంట్లో మెయిన్స్ వోల్టేజ్ 230 బదులు 250కి పెరిగితే అది 74 దాకా వెళ్తుంది. అందరూ ముందు చెప్పే 2ఎన్3055 కలెక్టర్-ఎమిటర్ రేటింగ్ 60 వోల్టులే. 18-0-18 ట్రాన్స్‌ఫార్మర్‌కైతే మొత్తం 51 వరకే కాబట్టి అది హాయిగా నడుస్తుంది, 24-0-24కి మాత్రం పెట్టకూడదు. కొన్నాళ్లు పాడినా సరే, ఒకరోజు పోయేటప్పుడు స్పీకర్‌ను కూడా తీసుకుపోతుంది. డేటాషీట్‌లో వీసీబీఓ (కలెక్టర్-బేస్), వీసీఈఓ (కలెక్టర్-ఎమిటర్) అని రెండు ఉంటాయి, మొదటిది ఎప్పుడూ పెద్దగా కనిపిస్తుంది, మీరు చూడాల్సింది రెండోదే. 2ఎన్3055కి వీసీబీఓ 100 అని ఉండటం చూసి మోసపోకండి.

మరి దాని బదులు ఏది? మెటల్ టోపీదే కావాలంటే 2ఎన్3773 ఉంది, 140 వోల్టులు, 16 ఆంప్స్, 150 వాట్లు. అంతకంటే గట్టిది ఎంజే15003, 140 వోల్టులు, 20 ఆంప్స్, 250 వాట్లు, దాని పీఎన్‌పీ జోడీ ఎంజే15004. 2ఎన్3055 కోసం తొలిచిన రంధ్రాల్లోనే ఇవి కూర్చుంటాయి, స్పీడ్ కూడా దాదాపు అంతే, కాబట్టి పాత డిజైన్ స్వభావం మారదు. ప్లాస్టిక్ బిళ్ల చాలనుకుంటే టిప్35సి, టిప్36సి జత 100 వోల్టులు, 25 ఆంప్స్, 125 వాట్లు. టిప్3055 అన్నది 2ఎన్3055కే ప్లాస్టిక్ రూపం, అదీ 60 వోల్టులదే, పైగా 115 వాట్ల బదులు 90 వాట్లే.

కరెంట్ లెక్క సులువు. 34 వోల్టులను 8 ఓమ్‌ల స్పీకర్‌తో భాగిస్తే నాలుగు ఆంప్స్ పైచిలుకు, 4 ఓమ్‌లైతే ఎనిమిదిన్నర. రేటింగ్ దీనికి కనీసం రెట్టింపు ఉండేలా చూడండి, ఎందుకంటే 15 ఆంప్స్ అని రాసిన ట్రాన్సిస్టర్ ఆ 15 ఆంప్స్‌ను అన్ని వోల్టేజ్‌ల దగ్గరా మోయదు. 2ఎన్3055నే తీసుకోండి, 40 వోల్టులు దాని మీద ఉండగా ఒక సెకను పాటు తట్టుకునేది 2.87 ఆంప్స్ మాత్రమే. డేటాషీట్ చివర్లో సేఫ్ ఆపరేటింగ్ ఏరియా అని ఒక గ్రాఫ్ ఉంటుంది, మొదటి పేజీలోని పెద్ద పెద్ద అంకెల కంటే ఆ గ్రాఫే నిజం చెబుతుంది. వాట్ల సంగతీ అంతే. 2ఎన్3055కి 115 వాట్లు అన్నది కేస్ (ట్రాన్సిస్టర్ పై తొడుగు) 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి మాట. ఆ పైన ప్రతి డిగ్రీకి 0.66 వాట్ల చొప్పున తగ్గుతూ పోతుంది, కేస్ 75 డిగ్రీలకు చేరితే మిగిలేది 82 వాట్లే. మన దగ్గర మే నెలలో గదే నలభైకి దగ్గరగా ఉంటుంది, హీట్‌సింక్ అక్కడి నుంచి వేడెక్కడం మొదలుపెడుతుంది. కాబట్టి బదులు వేసే దాని వాట్లు పాత దానికంటే తక్కువైతే వద్దనే అంటాను, లేదంటే రెండేసి పెట్టి ఒక్కోదానికి విడిగా 0.22 లేదా 0.33 ఓమ్ ఎమిటర్ రెసిస్టర్ వేయండి.

ఇక సీ5200, ఏ1943 జత. 230 వోల్టులు, 15 ఆంప్స్, 150 వాట్లు, స్పీడ్ 30 మెగాహెర్ట్జ్. అంకెలు చూస్తే అన్నిటికీ ఇదే వేసేయొచ్చు అనిపిస్తుంది. అసలు ఇబ్బంది ఆ స్పీడ్‌తోనే. 2ఎన్3055 లాంటివి రెండున్నర మెగాహెర్ట్జ్ దగ్గరివి, వాటి కోసం గీసిన సర్క్యూట్లో పది రెట్లకు పైగా వేగం ఉన్నది పెడితే ఆంప్లిఫయర్ చెవికి వినపడని ఫ్రీక్వెన్సీలో తనంతట తానే ఊగడం మొదలుపెడుతుంది. పాట లేకపోయినా హీట్‌సింక్ కాలిపోతుంటే, అవుట్‌పుట్ దగ్గరున్న 10 ఓమ్ రెసిస్టర్ నల్లబడుతుంటే అనుమానించాల్సింది దీన్నే. వేగమైనవి వేయక తప్పకపోతే ఒక్కో బేస్‌కు సిరీస్‌లో 2.2 నుంచి 10 ఓమ్‌ల లోపు రెసిస్టర్ ఒకటి కాలికి వీలైనంత దగ్గరగా పెట్టండి, అవుట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కు 10 ఓమ్, 0.1 మైక్రోఫారడ్ సిరీస్ జత ఉందో లేదో చూసి లేకపోతే కట్టండి, వైర్లు పొట్టిగా ఉంచండి. ఆసిలోస్కోప్ ఉన్న స్నేహితుడు ఎవరైనా ఉంటే ఒకసారి చూపించుకోవడం మంచిది.

డార్లింగ్టన్ల విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. టిప్122, టిప్142 లోపల రెండు ట్రాన్సిస్టర్లు ఉంటాయి, బేస్-ఎమిటర్ మధ్య 0.6 బదులు 1.2 నుంచి 1.4 వోల్టులు కావాలి. డార్లింగ్టన్ ఉన్న చోట మామూలుది పెడితే ఆ బయాస్ (సిగ్నల్ లేనప్పుడూ ట్రాన్సిస్టర్‌ను కాస్త ఆన్‌లో ఉంచే) వోల్టేజ్ దానికి రెట్టింపై ఆన్ చేసిన క్షణంలోనే కాలిపోతుంది. మామూలుది ఉన్న చోట డార్లింగ్టన్ పెడితే బయాస్ సరిపోక తక్కువ సౌండ్‌లో పాట గరగరలాడుతుంది. కరెంట్, వోల్టేజ్ అన్నీ కలిసినా ఈ మార్పు వద్దు. ఏసీ187, ఏసీ188 లాంటి జెర్మేనియం వాటికీ ఇదే కారణం, అవి 0.2, 0.3 వోల్టులకే ఆన్ అవుతాయి, సిలికాన్‌ది పెట్టాలంటే బయాస్ రెసిస్టర్లన్నీ మార్చాలి. ఆ పని కంటే కొత్త సర్క్యూట్ కట్టుకోవడం తేలిక.

చిన్న ట్రాన్సిస్టర్ల దగ్గర ఇంత టెన్షన్ లేదు. బీసీ148కి బీసీ547 లేదా 548, బీసీ158కి బీసీ557, తక్కువ నాయిస్ కోసం వేసిన బీసీ149కి బీసీ549 లేదా 550. ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో అందరూ చూసిన ఎస్ఎల్100, ఎస్‌కే100 స్థానంలో బీడీ139, బీడీ140 చక్కగా పనిచేస్తాయి. కాకపోతే బీసీ547 45 వోల్టులదే, మన 24-0-24 ఆంప్లిఫయర్‌లో డ్రైవర్లకు (అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల బేస్‌కు కరెంట్ ఇచ్చేవి) ముందుండే గెయిన్ స్టేజ్ (సిగ్నల్ వోల్టేజ్‌ను పెంచే భాగం) మీద కూడా దాదాపు మొత్తం వోల్టేజ్ పడుతుంది, అక్కడ 2ఎన్5551 (160 వోల్టులు), పీఎన్‌పీ అయితే 2ఎన్5401 (150 వోల్టులు) వేయండి. డ్రైవర్లలో బీడీ139 80 వోల్టులది, 74 దగ్గర అది అంచున నిలబడినట్టే. 300 వోల్టుల ఎంజేఈ340, ఎంజేఈ350 జత అక్కడ నాకు ఇష్టం. కరెంట్ అర ఆంపే అయినా, నాలుగు ఆంప్స్ అవుట్‌పుట్‌కు గెయిన్ (బేస్ కరెంట్‌కు ఎన్ని రెట్లు కలెక్టర్‌లో పారుతుందో ఆ అంకె) 20 అనుకుంటే డ్రైవర్ ఇవ్వాల్సింది 0.2 ఆంప్స్ కాబట్టి సరిపోతుంది.

గెయిన్ కోసం నంబర్ తర్వాత ఉన్న అక్షరం చూడండి. బీసీ547లో ఏ అంటే 110 నుంచి 220, బీ అంటే 200 నుంచి 450, సీ అంటే 420 నుంచి 800. ఇన్‌పుట్‌లో పక్కపక్కన ఉండే జతకు రెండూ ఒకే అక్షరానివి, వీలైతే పదో పదిహేనో కొని మల్టీమీటర్‌లో గెయిన్ చూపే హెచ్ఎఫ్ఈ సాకెట్లో కొలిచి దగ్గరగా ఉన్న రెండింటిని ఎంచుకోండి. వీటి ధర చాలా తక్కువ, మిగిలినవి డబ్బాలో ఉంటాయి.

కాళ్ల వరుస చూడకుండా మాత్రం సోల్డర్ చేయొద్దు. చదునైన ముఖం మీవైపు, కాళ్లు కిందికి పెట్టుకుంటే ఎడమ నుంచి బీసీ547 కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్5551 ఎమిటర్, బేస్, కలెక్టర్, అంటే తిప్పి పెడితే చాలు. సీ1815, సీ945 ఎమిటర్, కలెక్టర్, బేస్, ఇక్కడ బేస్ చివర్లో ఉంది కాబట్టి కాళ్లు మెలిపెట్టి సన్నని స్లీవ్ తొడగాలి. బీడీ139 కూడా ఎమిటర్, కలెక్టర్, బేస్. దాని బదులు టిప్31సి వేద్దామనుకుంటే అది బేస్, కలెక్టర్, ఎమిటర్, తిప్పి పెట్టొచ్చు కానీ అప్పుడు మెటల్ వైపు హీట్‌సింక్‌కు కాకుండా బయటికి వస్తుంది. ఆ మెటల్ కలెక్టరే. కాబట్టి మెటల్ వైపును సింక్‌కు బిగిస్తే మైకా (మధ్యలో పెట్టే కరెంట్ పారని పలుచటి షీట్), బుష్ (స్క్రూకు తొడిగే ప్లాస్టిక్ తొడుగు) తప్పనిసరి, బిగించాక సింక్‌కూ కలెక్టర్‌కూ మధ్య మల్టీమీటర్ పెట్టి బీప్ రాకపోతేనే ముందుకెళ్లండి.

డూప్లికేట్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి. సీ5200, ఏ1943, 2ఎన్3055 వీటన్నిటికీ నకిలీలు విపరీతంగా వస్తాయి, పై అక్షరాలు గీకేసి వేరే పేరు ముద్రించినవి, పాత బోర్డుల నుంచి పీకి కాళ్లకు లెడ్ పూసినవి. కాళ్ల మీద పాత సోల్డర్ గుర్తులు, ఒకే కవర్లోని వాటికి వేర్వేరు షేడ్ నలుపు, గోరుతో గీరితే పోయే అక్షరాలు కనిపిస్తే వదిలేయండి. పక్క దుకాణాల ధరలో సగానికే ఇస్తామంటే అడగకుండానే జవాబు దొరికినట్టు. కాలిపోయిన పవర్ ట్రాన్సిస్టర్ ఉంటే హాక్సా బ్లేడుతో టోపీ కోసి చూడండి, అసలుదైతే లోపల సిలికాన్ ముక్క కొన్ని మిల్లీమీటర్ల వెడల్పుతో కంటికి స్పష్టంగా కనిపిస్తుంది, నకిలీదైతే బియ్యపు నూకంత ఉంటుంది.

కొత్త వాటిని బోర్డుకు ఎక్కించే ముందు నేను చేసే పరీక్ష ఇది, 2ఎన్3055 లాంటి ఎన్‌పీఎన్‌కు. 12 వోల్టుల, రెండు ఆంప్స్ ఇవ్వగల ఎస్ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై) ప్లస్ నుంచి 10 ఓమ్, 20 వాట్ల రెసిస్టర్ ద్వారా కలెక్టర్‌కు, అదే ప్లస్ నుంచి 220 ఓమ్, 1 వాట్ రెసిస్టర్ ద్వారా బేస్‌కు, ఎమిటర్ మైనస్‌కు. బేస్‌లో 50 మిల్లీఆంప్స్, కలెక్టర్‌లో దాదాపు 1.2 ఆంప్స్ పారాలి, అప్పుడు కలెక్టర్-ఎమిటర్ మధ్య ఒక వోల్టు కంటే బాగా తక్కువ కనిపించాలి. రెండు మూడు వోల్టులు చూపిస్తే ఎక్కువ కరెంట్ దగ్గర గెయిన్ పడిపోతున్నట్టే, దుకాణానికి తిరిగి ఇచ్చేయండి. అన్ని నకిలీలూ దీనికి దొరకవు, చాలావరకు దొరుకుతాయి. మల్టీమీటర్ హెచ్ఎఫ్ఈ సాకెట్ అతి చిన్న కరెంట్‌తో కొలుస్తుంది, పవర్ వాటికి ఆ అంకెను నమ్మొద్దు. డబ్బు తక్కువై పాతవి కావాలంటే ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత స్టీరియోలు వెతకండి, హీట్‌సింక్‌తో సహా దొరికితే ఇంకా మంచిది, అవి కూడా ఈ పరీక్ష దాటాకే.

ఒక వైపుది పోతే రెండు వైపులా మార్చండి, రెండూ ఒకే కంపెనీవి. వాటి డ్రైవర్లు, ఎమిటర్ రెసిస్టర్లు, బయాస్ ట్రాన్సిస్టర్ కూడా కొలవకుండా కొత్తవి పెడితే అవీ పోతాయి.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు స్పీకర్ తీసేసి, మెయిన్స్‌కు సిరీస్‌లో 60 వాట్ల పాత రకం ఫిలమెంట్ బల్బు పెట్టండి. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు. బయాస్ ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న రెసిస్టర్) బయాస్ కనీసంగా ఉండేలా ఉంచండి. బల్బు ఒక్కసారి మెరిసి తగ్గిపోతే బాగుంది, వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపి వెతకాలి. అవుట్‌పుట్ దగ్గర డీసీ 50 మిల్లీవోల్టుల లోపు ఉంటేనే బల్బు తీసేయండి. తర్వాత 0.33 ఓమ్ ఎమిటర్ రెసిస్టర్ ఒకదాని మీద 8 మిల్లీవోల్టులు వచ్చేదాకా ప్రీసెట్ మెల్లగా తిప్పితే 25 మిల్లీఆంప్స్ బయాస్ సెట్ అవుతుంది. బయాస్ ట్రాన్సిస్టర్ హీట్‌సింక్‌కు తగిలి ఉండాలి. అరగంట అలాగే వదిలి మళ్లీ కొలవండి, 8 ఉన్నది 15, 20 అంటూ ఎక్కుతూనే ఉంటే బిగింపు వదులుగా ఉందనో, సింక్ చిన్నదనో అర్థం. అంకె ఒకచోట నిలబడ్డాక ముందు ఒక పాత స్పీకర్ తగిలించి వినండి, మంచి స్పీకర్ మర్నాడు పెట్టుకోవచ్చు.