బెండు కదలగానే గుంజకండి: ఫాల్గుణంలో జలాశయం ఒడ్డున గాలం వేయడం ఎలా?

యాసంగి పంటకు కాలువలు వదిలాక కరీంనగర్ పక్కనున్న మా దిగువ మానేరు డ్యాం నీళ్లు రోజుకింత వెనక్కి జరుగుతాయి. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుంది, మోదుగులు ఎర్రబడతాయి. అప్పటి నుంచి ఉగాది దాకా ప్రతి ఆదివారం కరీంనగర్ నుంచే కాదు, హైదరాబాద్ నుంచి కూడా కొత్త గాలాలు పట్టుకుని జనం దిగుతారు. పొద్దంతా కూర్చుని, చీకటి పడ్డాక ఒట్టి చేతులతో లేచి, ఈ డ్యాంలో చేపల్లేవని తేల్చి వెళ్లిపోతారు. చేపలున్నాయి. ఇరవై ఏళ్లుగా ఈ ఒడ్డున కూర్చుంటున్నాను. వాళ్ల ఎరకు చేప మూతి ఆనించడం, వాళ్లు దాన్ని తరిమేయడం పక్కనుంచి చూస్తూనే ఉన్నాను. పొరపాటు జరిగేది ఒక్క చోటే. దాని గురించే ఇది రాస్తున్నాను, మిగతావి గబగబా చెప్పేస్తాను.

ముందుగా అనుమతి. ఇవి మత్స్యశాఖ లైసెన్సులతో, సహకార సంఘాల ద్వారా గంగపుత్రులు, ముదిరాజులు బతుకుతున్న నీళ్లు. ఒడ్డున తెప్పలు కట్టే చోటికి వెళ్లి సంఘం పెద్దమనిషిని అడగండి. గాలానికి సాధారణంగా వద్దనరు, పైగా ఏ మూల మేత ఉందో కూడా చెబుతారు. వాళ్ల వలకట్టల దగ్గర మాత్రం గాలం వేయకండి. మంజీర, పోచారం, పాకాల, కిన్నెరసాని వన్యప్రాణి అభయారణ్యాలు. అక్కడ పక్షుల్ని చూడండి, గాలం సంచి ఇంట్లోనే వదిలి వెళ్లండి.

సామాను

కర్ర పది పన్నెండు అడుగులది, చిన్న రీలు, 0.28 మిల్లీమీటర్ల తంగూసు దారం, సన్నటి కొక్కేలు, రెండు మూడు సీసపు గుళ్లు, చేతి వల, తడి గోనెసంచి. ఇంతే. వేలకు వేలు పోసి సముద్రపు కర్రలు కొనేవాళ్లున్నారు. రెండు కిలోల రవ్వ చేపను పట్టడానికి అవేం చేసుకుంటారో నాకు అర్థం కాదు.

బెండు, అంటే దారానికి కట్టి నీళ్ల మీద తేలనిచ్చేది, సన్నగా, పొడుగ్గా, నెమలి ఈక కాడలా ఉండాలి. చిన్నప్పుడు జొన్నదంటు బెండుతో వేసేవాళ్లం. అది కాసేపటికే నీళ్లు తాగి బరువెక్కుతుంది. దుకాణంలో దొరికే గుండ్రటి ఎర్ర బంతి బెండు అసలు కొనకండి. అది నీళ్లలో మునగడానికే అంత బలం కావాలి, చేప మూతి పెట్టిన సంగతి మీకెలా తెలుస్తుంది?

ఒక దారానికి ఒకే కొక్కెం. స్ప్రింగుకు ఆరు కొక్కేలు కట్టి, పిండి ముద్ద అద్ది, దూరంగా విసిరి, కర్రకు గంట కట్టి చెట్టు కింద పడుకునే పద్ధతి ఒకటుంది. చేపలు పడవని అనను. కానీ ఆ కొక్కేలు మూతికే కాదు, కంటికి, పొట్టకు, రెక్కకు ఎక్కడ పడితే అక్కడ దిగుతాయి. చిన్న పిల్ల పడినా వదలడానికి ప్రాణంతో మిగలదు. గంట మోగితే లేచి గుంజేవాడికి చేప ఎలా తింటుందో ఎన్నేళ్లకైనా తెలియదు.

చోటు

చేప ఒంటి వేడి నీళ్ల వేడిని బట్టే ఉంటుంది. చలికాలమంతా మందంగా, అరకొరగా తిన్న బొచ్చె (కట్ల), రవ్వ (రోహు), మోసు (మ్రిగాల) చేపలు ఇప్పుడు ఎండ తగిలి ఆకలి మీదుంటాయి. వానాకాలం వరదకు గుడ్లు పెట్టాలి కాబట్టి ఒంట్లో సత్తువ కూడబెట్టుకునే రోజులు కూడా ఇవే. వాన మొదలయ్యాక, ఆ గుడ్ల కాలంలో మాత్రం నేను గాలం ముట్టను, మీరూ ముట్టకండి.

గాలి వీపుకు కొట్టే చోట కూర్చుంటే హాయిగా ఉంటుంది, విసరడానికీ సులువు. అందుకే అందరూ అక్కడే కూర్చుంటారు. మీరు గాలి మొహానికి కొట్టే ఒడ్డుకు వెళ్లండి. ఎండకు కాగిన పైనీళ్లను, దాంట్లోని నలుసు మేతను గాలి ఆ ఒడ్డుకే నెడుతుంది. మానేరు డ్యాం నిండు మట్టం 920 అడుగులు, నిల్వ 24 టీఎంసీలు. ఈరోజు ఎంత ఉందో పేపర్లో వస్తుంది. రెండు మూడు రోజులుగా మట్టం గబగబా పడిపోతుంటే పల్లపు ఒడ్డు వదిలి, నీళ్లు ఒక్కసారిగా లోతెక్కే చోటు చూసుకోండి. మట్టం నిలకడగా ఉంటే ఐదారు అడుగుల లోతు చాలు. పొద్దు పొడిచినప్పటి నుంచి తొమ్మిదిన్నర దాకా, మళ్లీ సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటి పడే దాకా. నడుమ పిల్లల్ని తీసుకుని కట్ట మీద తిరగండి, సద్ది తినండి, చెట్టు కింద పడుకోండి.

నీళ్లలోకి దిగకండి. నీళ్లు తగ్గిన చోట పైన పగుళ్లిచ్చి గట్టిగా కనిపించే రేగడి కింద మోకాలి లోతు బురద ఉంటుంది. జలాశయాల కింద మునిగిన ఊళ్లు ఉంటాయి, ఆ ఊళ్ల బావులూ ఉంటాయి. తొడల లోతు నీళ్లలో నడుస్తున్నామనుకుంటే తర్వాతి అడుగు బావిలో పడొచ్చు. డ్యాం గేట్ల దిగువన, రాళ్ల మీద అసలు కూర్చోకండి. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో లార్జీ డ్యాం నుంచి నీళ్లు వదిలితే, బియాస్ నదిలో రాళ్ల మీద నిలబడ్డ హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. అప్పటిదాకా అక్కడ నీళ్లు తక్కువగానే ఉన్నాయి.

ఎర

పల్లిచెక్క పొడి రెండు పాళ్లు, దోరగా వేయించిన తవుడు ఒక పాలు, గుప్పెడు గోధుమపిండి. బెల్లం నీళ్లతో కలపండి, చపాతీ ముద్దకన్నా కాస్త మెత్తగా రావాలి. గోళీ అంత ఉండ చేసి గ్లాసు నీళ్లలో వేస్తే పది నిమిషాలు నిలిచి, తర్వాత పగలడం మొదలవ్వాలి. వెంటనే కరిగితే ఇంకాస్త గోధుమపిండి, రాయిలా ఉంటే ఇంకాస్త తవుడు. ఇంగువ, సెంటు, సోంపు లాంటివేవీ వద్దు. ఎర్రలు (వానపాములు) కూడా వద్దు, వాటికి పరకల్లాంటి చిన్న చేపలు, జెల్లలే ఎగబడతాయి. జెల్ల ముల్లు, అంతకన్నా ఇంగిలాయి చేప ముల్లు గుచ్చుకుంటే చెయ్యంతా మంటలెత్తుతుంది. గుచ్చుకుంటే తట్టుకోగలిగినంత వేడినీళ్లలో ఆ వేలు ముంచి ఉంచండి, నొప్పి తగ్గుతుంది. తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లండి.

పొడి ఎర కొంచెం తడిపి నిమ్మకాయంత ముద్దలు నాలుగు చేసి, గాలం వేసే చోటే నీళ్లలో వేయండి. నాలుగే. బకెట్టు నిండా గుమ్మరిస్తే చేప కడుపు నింపుకుని పోతుంది.

లోతు కట్టడం

కొక్కేనికి బరువైన గుండు తగిలించి వేసి, అడుగు ఎక్కడ తగులుతుందో చూసి బెండు జరపండి. ఎర నేల మీద ఆని ఉండాలి. సీసపు గుళ్లలో చిన్నదాన్ని కొక్కేనికి నాలుగు వేళ్ల దూరంలో నొక్కండి. నీళ్ల పైన బెండు మొన చిటికెనవేలి గోరంత మాత్రమే కనిపించాలి. ఈ పని బద్ధకించి వదిలేస్తే ఇక చదవనక్కర్లేదు, కింద చెప్పేవేవీ మీ బెండు మీకు చూపించదు.

బెండు చదవడం, గుంజడం

బెండు కదిలింది. మీ గుండె దడదడలాడింది. చెయ్యి దానంతటదే కర్రను పైకి లేపేసింది. నూటికి తొంభై మంది చేపను పోగొట్టుకునేది ఇక్కడే. ఉత్త కొక్కెం గాల్లోకి లేస్తుంది, దాని చప్పుడుకు మేత దగ్గర చేరిన గుంపంతా చెదిరిపోతుంది. ఆ గుంపు మళ్లీ రావడానికి అరగంట పడుతుంది. గంటకు నాలుగుసార్లు ఇలా చేస్తే ఆ పూట అయిపోయినట్టే.

నాకు ఇది నేర్పింది మా మేనమామ. వేలు చూపి బెదిరించేవాడు కాదు, నా మణికట్టు గట్టిగా పట్టుకుని కూర్చునేవాడు. "ఆగు అల్లుడా, అది ఇంకా తింటలేదు, చూస్తాంది" అనేవాడు. నిజంగా అది చూడడమే. బొచ్చె, రవ్వ, మోసు లాంటి చేపలకు దవడల్లో పళ్లుండవు, గొంతులో ఉంటాయి. మేతను కొరకవు, నీళ్లతో పాటు లోపలికి పీలుస్తాయి. నచ్చకపోతే ఉమ్మేస్తాయి, మళ్లీ పీలుస్తాయి. ఆ పీల్చి ఉమ్మే ఆటంతా మీ బెండు మీద చిన్న చిన్న పోట్లుగా కనిపిస్తుంది. అప్పుడు గుంజితే కొక్కెం పెదవుల మధ్య నుంచి జారి వచ్చేస్తుంది.

బెండు మొన ఆగకుండా వణుకుతూ, మునగకుండా చుట్టూ చిన్న వలయాలు వేస్తుంటే అవి పరకలు, చిన్న జిలేబీ చేపలు. ఎర చుట్టూ చేరి గీకుతున్నాయి. చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకోండి. మరీ ఎక్కువైతే ఎరను కాస్త గట్టిగా కలిపి మళ్లీ వేయండి. ఆ వణుకు ఉన్నట్టుండి ఆగిపోయిందంటే మాత్రం నిటారుగా కూర్చోండి. పెద్ద చేప వచ్చింది, చిన్నవి తప్పుకున్నాయి. అప్పుడే చాలామంది "ఎర తినేసి ఉంటాయి" అనుకుని దారం చుట్టేస్తారు. ఎన్ని మంచి రవ్వలు ఇలా దక్కకుండా పోయాయో!

టక్, టక్ అని రెండు పోట్లు, తర్వాత నిశ్శబ్దం. ఇది రవ్వ. గుంజకండి. కర్రను ముట్టుకోండి కానీ లేపకండి. దారం వదులుగా నీళ్ల మీద తేలుతుంటే, బెండు కదలనంత మెల్లగా ఆ వదులు మాత్రం చుట్టుకోండి. నిశ్శబ్దం ఒక్కోసారి రెండు నిమిషాలు ఉంటుంది. తర్వాత బెండు ఒక పక్కకు వాలి, ఏటవాలుగా జారుతూ నీళ్లలోకి పోతుంది. మొన కనుమరుగయ్యాక ఒక్క ఊపిరి తీసుకునేంత ఆగి, అప్పుడు గుంజండి.

అన్నిటికన్నా మోసం చేసేది మూడోది. బెండు మునగాల్సింది పోయి పైకి లేస్తుంది, కొన్నిసార్లు నీళ్ల మీద అడ్డంగా పడుకుంటుంది. కొత్తవాళ్లు దారం చిక్కుపడిందనుకుని చూస్తూ కూర్చుంటారు. అది మోసు. మూతి కిందికి ఉండే చేప, తల వంచి నేల మీది ఎరను తీసుకుని మళ్లీ తల ఎత్తుతుంది. దాంతో పాటు నాలుగు వేళ్ల దూరంలో నొక్కిన గుండు కూడా లేస్తుంది. బరువు పోయింది కాబట్టి బెండు లేచింది. ఎర అప్పటికే నోట్లో ఉంది. ఇక్కడ ఊపిరి కోసం కూడా ఆగకండి, వెంటనే గుంజండి. ఆగమని ఇంతసేపు చెప్పిన నేనే ఆగొద్దంటున్న ఒకే ఒక్క చోటు ఇది. మోసు పట్టేవాళ్లకూ పట్టలేనివాళ్లకూ తేడా ఇదొక్కటే.

ఇక ఆగమన్నానని బెండు మునిగాక పది లెక్కపెట్టేవాళ్లున్నారు. అదీ తప్పే. అంతసేపు ఆగితే కొక్కెం గొంతు దాకా పోతుంది. పావుకిలో పిల్లయితే వదిలినా బతకదు.

గుంజడం అంటే కర్రను ఆకాశానికి ఎత్తడం కాదు. మణికట్టు తిప్పితే చాలు, కర్ర కొన అడుగు దూరం కదిలితే చాలు. భుజం కదిలిందంటే బలం ఎక్కువైనట్టే. రవ్వ మూతి మెత్తన, చీలిపోతుంది. పక్కకు, నీళ్లకు దగ్గరగా, చేప వెళ్లే దిక్కుకు ఎదురుగా తిప్పండి. దారం వదులుగా ఉంటే ఎంత బాగా తిప్పినా ఉపయోగం లేదు, అందుకే వదులు ముందే చుట్టుకోమన్నాను.

ఇది చదివితే రాదు. మొదటి రోజు మొదటి అరగంట అసలు గుంజనని ఒట్టు పెట్టుకోండి. ఎన్ని ఎరలు పోతే అన్ని పోనివ్వండి. వణుకు ఏదో, పోటు ఏదో, లేవడం ఏదో ఒక్కొక్కటీ పైకి అంటూ చూడండి. మా అబ్బాయికి తొమ్మిదేళ్లప్పుడు ఇలాగే నేర్పాను. అరగంట దాటాక వాడు గుంజిన మొదటిసారే కిలోన్నర మోసు పడింది.

పడ్డాక

చేప పరిగెత్తితే పరిగెత్తనివ్వండి. రీలు బ్రేకు, చేత్తో దారం లాగితే కొంచెం బిగువుగా జారేంత ఉండాలి. కర్ర నిటారుగా పట్టుకుంటే వంపే చేపను అలసగొడుతుంది. వలతో చేప వెంట పడకండి. వల ముందే నీళ్లలో ముంచి పెట్టి, చేపను తల ముందుగా దాని మీదికి తెచ్చి ఎత్తండి.

అరకిలో లోపువి వదిలేయండి. చెయ్యి తడుపుకుని పట్టుకోవాలి, పొడి చెయ్యి దాని ఒంటి జిగురు ఊడదీస్తుంది. నీళ్లలో అడ్డంగా పట్టుకుని, తోక తనంతట తాను ఆడించే దాకా ఆగి వదలండి. కొక్కెం మొన దగ్గరి ఎదురు ముల్లును ముందే పటకారుతో నొక్కేసుకుంటే ఊడదీయడం క్షణం పని.

ఇంటికి తెచ్చే చేపను ఎండలో ప్లాస్టిక్ కవర్లో వేస్తే గంటలో పాడవుతుంది. పట్టిన వెంటనే మొప్పలు కోసి రక్తం కార్చి, తడి గోనెసంచిలో చుట్టి నీడలో పెట్టండి. ఒడ్డున రాళ్ల పొయ్యి పెట్టి అక్కడే పులుసు వండుకునే సరదా నాకు నచ్చదు. చేపల పులుసు రాత్రి వండి, మూత పెట్టి, మర్నాడు పొద్దున జొన్నరొట్టెతో తినాలి.

లేచేటప్పుడు తెగిన తంగూసు దారం ముక్కలన్నీ ఏరుకోండి. కొంగల కాళ్లకు చుట్టుకున్న దారం ఒడ్డున కూర్చుని నేనే రెండుసార్లు కోసి తీశాను, రెండోదాని కాలు అప్పటికే నల్లబడింది. దారాన్ని వేలెడంత ముక్కలుగా కత్తిరించి ఇంటికి తెచ్చి చెత్తబుట్టలో వేయండి.