పడవలో ఫ్యూయల్ గేజ్ మార్చే ముందు ఇది చదవండి

గేజ్ బాగుచేస్తుండగా పడవలో మంటలు లేచాయన్న వార్త మళ్ళీ ఒకటి చూశాను. సీజన్ మొదలయ్యే ముందు చాలామంది పెట్టుకునే పని ఇది. ముల్లు కదలడం లేదు, మార్చేస్తే పోతుంది అనుకుంటారు. పని చిన్నది కాబట్టి భయం ఉండదు. సిగరెట్ ఆర్పమని, మంటలార్పే సిలిండర్ దగ్గర పెట్టుకోమని మీకు వేరే చెప్పక్కర్లేదు.

నేను చూసినంతలో కొంపలు ముంచే తప్పు ఒక్కటే. కీ ఆన్‌లో ఉండగా ట్యాంకు మీది సెండర్ (ఎంత పెట్రోల్ ఉందో గేజ్‌కి చెప్పే భాగం) వైరు ఊడదీసి, అక్కడికక్కడే ఎర్త్‌కి తాకించి, ముల్లు లేస్తుందో లేదో చూడటం. ఈ టెస్టు అందరికీ తెలుసు, టెస్టుగా సరైనదే. చేసే చోటే ప్రాణం మీదికి తెస్తుంది.

పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు. కారు కింద కారితే గాలికి చెదిరిపోతుంది. పడవ అడుగు మూసిన తొట్టి కాబట్టి అక్కడే పేరుకుంటుంది. గాలిలో 1.4 శాతం ఆవిరి కలిస్తే చాలు, ఒక్క నిప్పురవ్వకి అంటుకుంటుంది. గేజ్ బాగుంటే సెండర్ వైరులో పారే కరెంటు కొంచెమే, నిజమే. కానీ అది బాగుందో లేదో తెలియకే కదా విప్పుతున్నారు! పాత పడవల్లో వైర్ల రంగులు వెలిసిపోయి ఉంటాయి. సెండర్‌ది అనుకుని బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే వైరు పట్టుకుంటే వచ్చేది చిన్న రవ్వ కాదు.

అదే టెస్టు డ్యాష్‌బోర్డ్ వెనక చెయ్యండి. ముందు మూతలన్నీ తెరిచి, కిందికి వంగి వాసన చూడండి. పెట్రోల్ వాసన తగిలితే ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు, కారుతున్నదేదో ముందు తేల్చండి. వాసన లేకపోతే కీ ఆన్ చేసి, గేజ్ ‘ఐ’ (కరెంటు వచ్చే) టెర్మినల్‌కి 12 వోల్టులు వస్తున్నాయో మల్టీమీటర్‌తో చూడండి. తర్వాత ‘ఎస్’ (సెండర్ నుంచి వచ్చే) వైరు తీయండి. అమెరికన్ పద్ధతి గేజ్ అయితే ముల్లు ఖాళీ వైపు పడాలి, ‘ఎస్’ని ‘జి’ (ఎర్త్) టెర్మినల్‌కి కలిపితే నిండుకి పోవాలి. యూరోపియన్ గేజ్‌లో ఇది తలకిందులు. ముల్లు సరిగ్గా కదిలిందంటే గేజ్ మంచిదే, దాన్ని మార్చి డబ్బు పారేసుకోవద్దు.

ఇక కీ ఆపి, తీసిన ఆ ‘ఎస్’ వైరుకీ ఎర్త్‌కీ మధ్య ఓమ్‌లు కొలవండి. అమెరికన్ సెండర్ ఖాళీకి 240, నిండుకి 33 చూపిస్తుంది. యూరోపియన్‌ది ఖాళీకి 10, నిండుకి 180. అసలు రీడింగే రాకపోతే వైరు తెగిందో, ఎర్త్ పోయిందో, సెండర్ చెడిందో. ముందు ఎర్త్ చూడండి. ఉప్పు గాలికి చిలుము పట్టేది అక్కడే, గీకి బిగిస్తే చాలాసార్లు పని అయిపోతుంది.

కొనేటప్పుడు ఈ అంకెలు కలవాలి. యూరోపియన్ సెండర్‌కి అమెరికన్ గేజ్ పెడితే ఖాళీ ట్యాంకు నిండుగా కనిపిస్తుంది. ఒడ్డు కనపడని చోట ఇంజను ఆగాక తెలుస్తుంది సంగతి.

సెండరే చెడితే ట్యాంకు తెరవక తప్పదు. ఇక్కడి నుంచి ఒక్కటీ వదలొద్దు.

మెయిన్ స్విచ్ ఆపితే సరిపోదు. నీళ్ళు తోడే ఆటోమేటిక్ పంపు చాలా పడవల్లో నేరుగా బ్యాటరీకే కలిపి ఉంటుంది, దానంతటదే ఆన్ అవుతుంది. స్విచ్చులన్నీ ఆపి, ఛార్జర్ ప్లగ్ పీకి, అప్పుడు నెగటివ్ కేబుల్ తీయండి.

కేబుల్ తీయకుండా సెండర్ మీద చెయ్యి వేయొద్దు.

నిండు ట్యాంకు విప్పొద్దు.

మామూలు ఫ్యాన్, వాక్యూమ్ క్లీనర్ దగ్గరికి తేవొద్దు. వాటి మోటార్లలో రవ్వలు పుడతాయి.

సెండర్‌కి 12 వోల్టులు నేరుగా ఇవ్వొద్దు. ఎవరు చెప్పినా సరే.

పాత ప్యాకింగ్ మళ్ళీ వాడొద్దు. సెండర్ బిగించే ఐదు బోల్టుల రంధ్రాలు సమాన దూరంలో ఉండవు, సెండర్ ఒకే వైపుగా కూర్చుంటుంది. కుదరకపోతే తిప్పి చూడండి, కొత్త రంధ్రం వేయొద్దు.

సెండర్ తీసిన రంధ్రాన్ని తెరిచి ఉంచి టీకి వెళ్ళొద్దు.

డీజిల్ కదా అని ఇవన్నీ దాటేయొద్దు.

మళ్ళీ చెబుతున్నాను: టెస్టు డ్యాష్ వెనకే, ట్యాంకు దగ్గర కాదు. కొత్త సెండర్ బిగించాక “ఒక్కసారి చూద్దాం” అని అక్కడే వైరు తాకించే చెయ్యి కూడా ఆగాలి.

బిగించాక పెట్రోల్ కొంచెం కొంచెంగా పోస్తూ, ప్రతిసారీ సెండర్ చుట్టూ పొడిగుడ్డతో తుడిచి చూడండి. తడి తగిలితే ఆపండి. తగలకపోతే మూతలు తెరిచే ఉంచి గాలి ఆడనిచ్చి, మళ్ళీ వాసన చూసి, అప్పుడు బ్యాటరీ కలపండి. బ్లోయర్ (పడవ అడుగు గాలిని బయటికి తోసే ఫ్యాన్) కనీసం 4 నిమిషాలు నడిచాకే ఇంజను స్టార్ట్ చేయండి.