మల్టీకాస్ట్‌కు అదుపు – 3వ పాఠం: ప్రశ్నించేవారు లేకపోతే ప్రసారం ఆగుతుంది

ఒకే ప్రసారాన్ని కోరిన పరికరాలన్నిటికీ కలిపి పంపడమే మల్టీకాస్ట్. ‘ఈ ప్రసారం నాకు కావాలి’ అని పరికరాలు రిపోర్టులు పంపే పద్ధతి ఐజీఎంపీ. ఐజీఎంపీ స్నూపింగ్ లేని స్విచ్‌లో మల్టీకాస్ట్ ట్రాఫిక్, గండి పడిన పంట కాలువ నీటిలా, అడిగిన పోర్టుకూ అడగని పోర్టుకూ పారుతుందనీ, స్నూపింగ్ ఉంటే స్విచ్ రిపోర్టులను గమనించి కోరిన పోర్టులకే వదులుతుందనీ గత పాఠంలో చూశాము. స్నూపింగ్ ఆన్ చేస్తే పని పూర్తయిందనుకోవడం పొరపాటు.

అమలాపురంలో ఒక లాడ్జికి ఐపీ టీవీ అమర్చినప్పుడు నేను ఆ పొరపాటే చేశాను. అక్కడ మల్టీకాస్ట్ రూటర్ లేదు. సర్వరు, 24 పోర్టుల స్విచ్, గదుల్లో టీవీలు మాత్రమే ఉన్నాయి. ఛానల్ పెట్టగానే బొమ్మ చక్కగా వచ్చి, నాలుగు నిమిషాలు దాటాక ఆగిపోయేది. ఛానల్ మార్చి మళ్లీ పెడితే వచ్చేది, అంతసేపటికే మళ్లీ ఆగేది. కేబుల్ మార్చాను, పోర్టు మార్చాను. చివరకు గడియారం పెట్టుకుని లెక్కిస్తే ప్రతిసారీ సుమారు 260 సెకన్లు.

ఛానల్ పెట్టినప్పుడు టీవీ తనంతట తానే రిపోర్టు పంపుతుంది. ఆ తరువాత అడిగితేనే మళ్లీ చెబుతుంది. అడిగే పరికరమే క్వెరియర్. మామూలుగా ఆ పని మల్టీకాస్ట్ రూటర్‌ది. అది సాధారణంగా 125 సెకన్లకొకసారి 224.0.0.1 చిరునామాకు ప్రశ్న పంపి, జవాబుకు 10 సెకన్ల గడువిస్తుంది. రెండు ప్రశ్నల వ్యవధికి ఆ గడువు కలిపితే 260. అప్పటికీ రిపోర్టు రాకపోతే స్విచ్ ఆ పోర్టును, ప్రసారం కోరిన పోర్టుల పట్టికలోంచి తీసేస్తుంది. కొన్ని స్విచ్‌లు అప్పుడు ప్రసారాన్ని ఆపేస్తాయి, మరికొన్ని తిరిగి అన్ని పోర్టులకూ వదులుతాయి. రెండోది బయటికి కనిపించదు కనుక మరింత ప్రమాదం.

రూటర్ లేనిచోట స్విచ్‌నే క్వెరియర్‌గా నిలపాలి. ఆ వీలాన్‌లో (స్విచ్‌లో టీవీల కోసం విడదీసిన నెట్‌వర్క్‌లో) దానికి ఐపీ చిరునామా ఇచ్చి, సిస్కో స్విచ్ అయితే ‘ఐపీ ఐజీఎంపీ స్నూపింగ్ క్వెరియర్’ అనే ఆదేశం ఇస్తే చాలు.

స్విచ్‌లు ఒకటికి మించి ఉంటే, ఏ స్విచ్‌ను ఎంచుకోవాలన్నదే అసలు ఆలోచించవలసిన విషయం. రెండు క్వెరియర్లుంటే తక్కువ ఐపీ చిరునామా గలదే నిలుస్తుంది. మిగిలిన స్విచ్‌లు క్వెరియర్ ఉన్న దిక్కును రూటర్ దిక్కుగా భావించి, ఎవరూ కోరకపోయినా ప్రసారాలన్నిటినీ అటు పంపుతాయి. చివరి అంతస్తు స్విచ్ క్వెరియర్ అయితే దాని అప్‌లింక్ (పై స్విచ్‌కు కలిపే లైను) నిండిపోతుంది. డెల్టా కాలువల తల తూములు ఆనకట్ట దగ్గరే ఉన్నట్టు, క్వెరియర్ కూడా సర్వరు తగిలించిన స్విచ్‌లోనే ఉండాలి. తక్కువ చిరునామా దానికే ఇవ్వండి.

అమర్చాక ఒక ఛానల్ పెట్టి, ఐదు నిమిషాలు కదపకుండా వదిలి, ‘షో ఐపీ ఐజీఎంపీ స్నూపింగ్ గ్రూప్స్’ ఇచ్చి ఆ పోర్టు పట్టికలో ఉన్నదేమో చూడండి. ఛానల్ మార్చినప్పుడు పాత ప్రసారం వెంటనే ఆగేలా చేయడం నాలుగవ పాఠంలో.