కోనసీమ తీరం వెంట మూడు రోజుల కారు ప్రయాణం: ప్లాన్ ఎలా వేసుకోవాలి?

కాకినాడ నుంచి అంతర్వేది దాకా సముద్రం పక్కనే కారు నడుపుకుంటూ పోదామనుకుని బయల్దేరితే మొదటి పూటే నీరుగారిపోతారు. విశాఖ–భీమిలి రోడ్డులా ఒక పక్క కొండ, ఒక పక్క కెరటం ఇక్కడ దొరకవు. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ విడిపోతుంది. మూడూ మూడు చోట్ల సముద్రంలో పడతాయి. ఆ మొగల (నది సముద్రంలో కలిసే చోట్ల) మధ్యంతా మడ అడవులు, ఉప్పుటేర్లు, రొయ్యల చెరువులు, వరద వరదకీ చోటు మార్చే ఇసుక తిన్నెలు. రాయి మచ్చుకైనా కనపడదు గానీ, వాహనాన్ని ఇబ్బంది పెట్టడంలో ఈ బురద ఏ కొండరోడ్డుకీ తీసిపోదు.

ముందు దారి గీసుకోండి

కొబ్బరి మట్టను గుర్తు తెచ్చుకోండి. మధ్యలో ఉండే మట్ట 216 నంబరు జాతీయ రహదారి. కత్తిపూడి దగ్గర మొదలై కాకినాడ, యానాం, అమలాపురం, రాజోలు మీదుగా వశిష్ఠ దాటి ఒంగోలు దాకా పోతుంది. బీచ్‌కి పోయే ప్రతి రోడ్డూ ఆ మట్టకున్న ఒక్కో ఆకు. చివరిదాకా వెళ్లాలి, చూడాలి, మళ్లీ వెనక్కి మట్టకే రావాలి. ఆకు కొస నుంచి పక్క ఆకు కొసకి దారి ఉండదు.

ఇది తెలియక జరిగే పొరపాటు ఒక్కటే, కానీ అందరికీ అదే. ఓడలరేవులో నిలబడితే వైనతేయ అవతల కరవాక ఒడ్డు ఎదురుగా కనిపిస్తుంది. ఫోన్‌లో మ్యాప్ చూసి ‘ఇంతేగా’ అనుకుంటారు. కారులో వెళ్లాలంటే వెనక్కొచ్చి బోడసకుర్రు–పాశర్లపూడి వంతెన దాటి, మళ్లీ సముద్రం వైపు దిగాలి. చిన్న రోడ్ల మీద గంట దాటుతుంది. అందుకే ఇక్కడ దూరాన్ని కిలోమీటర్లతో కాక వంతెనలతో లెక్కపెట్టుకోవాలి. కాగితం మీద మూడు వంతెనలు రాసుకోండి: గౌతమి మీద యానాం–ఎదుర్లంక, వైనతేయ మీద బోడసకుర్రు–పాశర్లపూడి, వశిష్ఠ మీద దిండి–చించినాడ. వాటి మధ్య ఏ పూట ఏ ఆకు చూడాలో గుర్తు పెట్టుకోండి. పూటకి ఒక్క ఆకే. రెండు పెట్టుకుంటే రోజంతా స్టీరింగ్ పట్టుకోవడంతోనే సరిపోతుంది.

మ్యాప్ కొన్నిసార్లు నదిలోంచి దారి చూపిస్తుంది. అది తప్పు కాదు, అక్కడ రేవు ఉందని అర్థం. కోటిపల్లి–ముక్తేశ్వరం, సఖినేటిపల్లి–నరసాపురం అలాంటివే. అక్కడ పంటు (మనుషుల్నీ బండ్లనీ నది దాటించే బల్లకట్టు పడవ) తిరుగుతోందో లేదో ముందురోజు స్థానికులని అడిగి గానీ ప్లాన్‌లో పెట్టుకోకండి.

నెల ఎంచుకోవడం

డిసెంబరు రెండో వారం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా మంచికాలం. అందులోనూ ఫిబ్రవరికే మా ఓటు: తుపాన్ల భయం తీరుతుంది, పొగమంచు పలచబడుతుంది, ఎండ ఇంకా ముదరదు.

అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 1839లో కోరంగి రేవును ఉప్పెన తుడిచిపెట్టేసింది నవంబరులోనే, 1996లో కోనసీమ కొబ్బరి తోటలు నేలమట్టమైందీ నవంబరులోనే. కాకినాడ పోర్టులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారని వినపడితే బీచ్‌లన్నీ ప్లాన్‌లోంచి కొట్టేయండి.

జూలై నుంచి సెప్టెంబరు దాకా వరదలు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక నాటికే లంకల (నది మధ్య దీవుల) వైపు కాజ్‌వేలు మునగడం మొదలవుతుంది, పంట్లు ఆపేస్తారు. భద్రాచలంలో 43 అడుగులు దాటిందన్న వార్త చూస్తే, ఆ నీరు దాదాపు ఒక రోజులో ధవళేశ్వరం చేరుతుందని లెక్కేసుకోండి. పులస చేప దొరికేది ఆ ఎర్రనీళ్ల రోజుల్లోనే. ‘పుస్తెలమ్మైనా పులస తినాలి’ అన్న సామెత అలా ఉంచి, పులస ట్రిప్పు వేరు, తీరం ట్రిప్పు వేరు. రెండూ కలపాలని చూడకండి.

సంక్రాంతి నాలుగు రోజులూ ఊళ్లన్నీ అల్లుళ్లతో, కార్లతో కిక్కిరిసిపోతాయి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడాలనుకుంటే ఆ ఒక్కదానికే రండి. గది నెలల ముందే మాట్లాడుకోవాలి. భీష్మ ఏకాదశికి అంతర్వేది కల్యాణం. ఆ వారంలో అంతర్వేది రోడ్డు మీద కారు నడపడం కన్నా బస్సెక్కడం నయం.

పోటు, ఆటు చూసుకుని టైము కట్టండి

ట్రిప్పు బాగుండేదీ చెడేదీ ఇక్కడే, పట్టించుకునేవాళ్లు మాత్రం తక్కువ. సముద్రపు నీరు పైకెక్కితే పోటు, వెనక్కి తీస్తే ఆటు. ఈ తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఇవాళ పొద్దున్న 7 గంటలకి నిండు పోటైతే, ఒంటిగంట దాటాక పూర్తి ఆటు, రేపటి పోటు సుమారు 7:50కి. మొదటి రోజు ఏ పడవ సరంగునో, జాలరినో అడిగి ఒక్క టైము రాసుకుంటే మిగతా రెండు రోజులకి రోజుకో 50 నిమిషాలు కలుపుకుంటే చాలు. అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటు బాగా పైకొస్తుంది, ఆటు బాగా లోపలికి పోతుంది. అష్టమి దగ్గర తేడా తక్కువ. క్యాలెండరులో తిథి చూస్తే ఈ సంగతి తెలిసిపోతుంది.

దీనితో పనేమిటంటే: కోరంగి మడ అడవిలో చెక్కవంతెన మీద నడిచేది ఆటులో అయితేనే చూడ్డానికేమైనా ఉంటుంది. నీరు తీసేశాక బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన ఊపిరి వేళ్లు, ఒక చెయ్యి పెద్దదిగా ఉన్న ఎర్రటి పీతలు, రెక్కల మీద దేకుతూ గెంతే చిన్న చేపలు బయటపడతాయి. పోటులో వెళ్తే పచ్చటి ఆకులు, మట్టినీళ్లు, అంతే. పడవ షికారుకి మాత్రం పోటు కావాలి, ఆటులో పాయలో నీరుండదు. ఆటు చివర్లో వెళ్లి నడక ముగించి, నీరెక్కాక పడవ ఎక్కడం సరైన వరస. బీచ్‌లకి ఆటు సమయమే మేలు, గట్టి తడి ఇసుక బయటపడుతుంది.

మూడు రోజుల వరస

మొదటి రోజు కాకినాడ నుంచి అమలాపురం, నేరుగా అయితే 60 కిలోమీటర్ల పైచిలుకు. కోరంగి అభయారణ్యం ఊరు దాటిన కాసేపటికే వస్తుంది. కనీసం మూడు గంటలు ఇవ్వండి. దోమలు పగలే కుడతాయి, నిండు చేతుల చొక్కా వేసుకోండి. తర్వాత తాళ్లరేవు మీదుగా యానాం. చుట్టూ ఆంధ్రా, మధ్యలో పుదుచ్చేరి. ఇంధనం ధర కాస్త తక్కువ కాబట్టి ట్యాంకు నింపేది ఇక్కడే. వంతెన దాటితే కోనసీమ. మురమళ్ల వీరేశ్వరుడి గుడి, ముమ్మిడివరం మీదుగా చీకటి పడేలోపు అమలాపురం చేరండి.

ఈ తీరం ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది. సూర్యోదయం సముద్రం మీద, అస్తమయం నది మీద. సాయంత్రం బీచ్‌లో కూర్చుంటే పొద్దు వీపు వెనక కొబ్బరి తోటల్లోకి దిగిపోతుంది. కాబట్టి సాయంత్రాలు యానాంలో గౌతమి గట్టుకీ, దిండిలో వశిష్ఠ ఒడ్డుకీ కేటాయించండి.

రెండో రోజు పొద్దున్న సూరసాని యానాం బీచ్ గానీ ఓడలరేవు బీచ్ గానీ, ఏదో ఒకటి. మనుషులు తక్కువ, సరుగుడు తోటలు ఎక్కువ కావాలంటే సూరసాని యానాం. మొగ చూడాలంటే ఓడలరేవు. టిఫిను కోసం అంబాజీపేట వైపు వెళ్తే పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు దొరుకుతాయి, పొద్దెక్కాక వెళ్తే బుట్టలే మిగులుతాయి. మధ్యాహ్నం బోడసకుర్రు వంతెన దాటి వైనతేయ ఒడ్డున అప్పనపల్లి చూసుకుని, రాత్రికి దిండి.

మూడో రోజు మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది. లక్ష్మీనరసింహస్వామి దర్శనం అయ్యాక అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర వశిష్ఠ సముద్రంలో కలిసేది చూడొచ్చు. చూడండి, దిగకండి. ఆటులో నది నీరు సముద్రంలోకి లాగేస్తుంది. పైకి నున్నగా కనిపించే చోటే లాగుడు ఎక్కువ, కాళ్ల కింద ఇసుక జారిపోతుంది. ఈత వచ్చు కదా అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

అక్కణ్ణించి సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే కాసేపట్లో నరసాపురం. పంటు లేకపోతే చించినాడ వంతెన మీదుగా 35, 40 కిలోమీటర్ల చుట్టు. కారు ఎక్కించేటప్పుడు మిగతావాళ్లంతా దిగిపోవాలి. ఆటులో రేవు వాలు నిటారుగా అవుతుంది, కింద ఎత్తు తక్కువున్న కార్ల ముందు బంపరు పంటు ఎక్కే పలకకి గీసుకుంటుంది. అలాంటి కారైతే నీరెక్కేదాకా ఆగండి, లేదా కాస్త ఏటవాలుగా ఎక్కించండి. మొదటి గేరులో, క్లచ్ మీద ఆడించకుండా ఒకే ఊపున. ఎక్కాక ఇంజను ఆపి, గేరులోనే వదిలి, హ్యాండ్‌బ్రేకు లాగి, అద్దాలు దించి, డ్రైవరు కూడా బయటికొచ్చి నిలబడాలి. అవతల ఓపికుంటే పేరుపాలెం బీచ్, లేకపోతే పాలకొల్లు, మార్టేరు మీదుగా 16 నంబరు రహదారి.

కారు, రోడ్డు

పెద్ద బండి ఇక్కడ బరువే. కాలవగట్టు రోడ్డు మీద ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తే ఎవరో ఒకరు వెనక్కి నడపాలి. ఆ ఎవరో లారీ కాదు. చిన్న కారు, బాగా పనిచేసే రివర్స్ లైటు, గాలి నిండిన స్టెపినీ, పది మీటర్ల తాడు, చిల్లర నోట్లు. తీరం ఊళ్లలో సిగ్నల్ దాగుడుమూతలు ఆడుతుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

ఇక్కడ జరిగే ఘోరమైన ప్రమాదం కారు కాలవలో పడటం. చాలా గట్లకి రక్షణ గోడ ఉండదు. జనవరి తెల్లవారుజామున మంచులో హైబీమ్ వేస్తే వెలుగు తిరిగి కళ్లలోనే కొడుతుంది, అంచు కనపడదు. లోబీమ్‌లో, 20 దాటకుండా నడపండి. సూర్యోదయం కోసం చీకట్లో పరిగెత్తడం కన్నా ఆరున్నర దాటాక బయల్దేరడం తెలివి. అద్దం పగలగొట్టే చిన్న సుత్తి డ్రైవరు చేతికందేలా పెట్టుకోండి, డిక్కీలో కాదు. నీళ్లలో పడితే తలుపుతో కుస్తీ పట్టకండి, బయటి నీటి ఒత్తిడికి అది రాదు. బెల్టు తీసి, మొదటి నిమిషంలోనే కిటికీ దించి బయటపడాలి. దిగకపోతే పక్క అద్దం మూల మీద కొట్టాలి. ముందు అద్దం పగలదు.

రెండోది ధాన్యం. ఖరీఫ్ కోతలయ్యాక నవంబరు, డిసెంబరుల్లో, దాళ్వా (రెండో పంట) కోతలకి ఏప్రిల్‌, మేల్లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. చుట్టూ రాళ్లు పేర్చుతారు, రాత్రి నల్లటి బరకం కప్పుతారు. చీకట్లో అది తారులో కలిసిపోతుంది, రాళ్లు టైరుకి తగిలాకే తెలుస్తుంది. వడ్ల మీద బ్రేకు వేస్తే గోళీల మీద జారినట్టు జారుతుంది. చీకటి పడ్డాక ఊరి రోడ్లు మానేయడానికి ఈ కారణం ఒక్కటి చాలు.

మూడోది ఇసుక. కారు బీచ్‌లోకి దింపకండి. తడి ఇసుక గట్టిగానే ఉంటుంది, దానికి చేరే ముందున్న పొడి ఇసుకే టైరును మింగుతుంది. దిగబడితే యాక్సిలరేటరు తొక్కేకొద్దీ లోతుకి పోతుంది. ఆపి, చక్రాల ముందు ఇసుక తోడి, టైర్లలో గాలి 18, 20 పీఎస్ఐకి తగ్గించి, కింద కొబ్బరి మట్టలు పరిచి, రెండో గేరులో మెల్లగా లాగండి. రోడ్డెక్కాక మొదటి పంక్చరు షాపులోనే గాలి మళ్లీ నింపించండి, మెత్తటి టైరుతో వేగంగా నడిపితే పక్కలు వేడెక్కి పగులుతాయి. మొగల దగ్గర నల్లటి ఒండ్రు మీద మాత్రం మనిషి కూడా అడుగు పెట్టకూడదు. పైన ఎండి పెచ్చు కట్టినట్టుంటుంది, కింద మోకాలి లోతు ఊబి.

ఇంటికి చేరిన మర్నాడే కారు అడుగు భాగం, చక్రాల లోపలి వైపు మంచినీళ్లతో ఒత్తిడి పెట్టి కడిగించండి. పైపైన మెరుస్తోంది కదా అని వదిలేస్తే ఉప్పు బ్రేకు డిస్కుల దగ్గర, సైలెన్సరు అతుకుల దగ్గర పని మొదలుపెడుతుంది.