విమానాల ఫొటోలు తీయడం నేర్చుకుందాం – 5వ పాఠం: ప్రొపెల్లర్ ఆగిపోకూడదు

పోయిన పాఠంలో జెట్ విమానాలకు షట్టర్ 1/1000 దగ్గర పెట్టి ఇక దాని జోలికి పోవద్దన్నాను. అదే సెట్టింగ్‌తో ఏటీఆర్ 72 ని (రెండు ప్రొపెల్లర్లతో ఎగిరే ప్రయాణికుల విమానం) తీసినవాళ్లకి ఈపాటికే తేడా తెలిసి ఉంటుంది. రిజిస్ట్రేషన్ అక్షరాలు నిక్కచ్చిగా వస్తాయి, కిటికీలన్నీ లెక్కపెట్టుకోవచ్చు. కానీ ప్రొపెల్లర్ మాత్రం కరెంటు పోయిన ఫ్యాన్‌లా ఉంటుంది. ఇంజిన్లు ఆగిపోయిన విమానాన్ని ఎవరో దారం కట్టి గాల్లో వేలాడదీసినట్టు! నా మొదటి ఏటీఆర్ ఫొటోలు ఒక నలభై ఉంటాయి, నలభయ్యీ ఇలాంటివే. అప్పట్లో వాటిని చూసుకుని మురిసిపోయాను కూడా.

ఇలా ఎందుకవుతుందో చిన్న లెక్కతో తేలిపోతుంది. ఏటీఆర్ 72-600 టేకాఫ్‌లో ప్రొపెల్లర్ నిమిషానికి 1200 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకి 20. షట్టర్ 1/1000 సెకను తెరిచి ఉంటే ఆ లోపు బ్లేడు కదిలేది 7 డిగ్రీలు మాత్రమే. మన కంటికి అది ఆగినట్టే. 1/250 కి దిగితే దాదాపు 29 డిగ్రీలు, ఒక్కో బ్లేడూ విసనకర్రలా విచ్చుకుంటుంది. 1/125 కి వస్తే 58 డిగ్రీల దాకా పోతుంది. ఆరు బ్లేడ్ల మధ్య ఎడం 60 డిగ్రీలు కాబట్టి, ఒక బ్లేడు పక్క బ్లేడు ఉన్న చోటుకి దాదాపు చేరిపోతుంది. మనకి కావలసిన నిండు చక్రం అక్కడ దొరుకుతుంది.

బ్లేడ్లు నాలుగే ఉన్న పాత ఏటీఆర్లకి ఎడం 90 డిగ్రీలు, అందుకే ఇంకాస్త నెమ్మది షట్టర్ కావాలి. అలాంటిదే ఇంకో ప్రొపెల్లర్ విమానం డాష్ 8 క్యూ400 కి బ్లేడ్లు ఆరే అయినా టేకాఫ్‌లో తిరిగేది 1020 చుట్లు. విమానం నేల మీద నెమ్మదిగా వెళ్తున్నప్పుడు చుట్లు ఇంకా తగ్గుతాయి.

ఇంకో చిత్రం చెప్పాలి. ఏటీఆర్ స్టాండ్ మీద (విమానాన్ని నిలిపే చోట) ఉన్నప్పుడు ఒక్కోసారి కుడి ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది కానీ ప్రొపెల్లర్ కదలదు, దానికి బ్రేక్ ఉంటుంది. దాన్ని హోటల్ మోడ్ అంటారు. ఆ ఫొటోలో బ్లేడ్లు ఆగినట్టు కనబడితే తప్పు మీది కాదు.

మరి 1/125 పెట్టేస్తే పనైపోతుందా? అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. విమానం 110 నాట్లతో పోతోందనుకుందాం. అంటే సెకనుకి దాదాపు 57 మీటర్లు. షట్టర్ తెరిచి ఉన్న ఆ కాస్త సేపట్లోనే అది 45 సెంటీమీటర్లు ముందుకు జరుగుతుంది. కెమెరా కదలకుండా ఉంటే ఫొటోలో విమానం అలుక్కుపోతుంది. అందుకని విమానంతో పాటు కెమెరానీ తిప్పాలి. ప్యానింగ్ అంటే ఇదే.

చాలామంది పాదాలు విమానం వచ్చే వైపు పెట్టి నిలబడతారు. దాంతో అది ఎదురుగా వచ్చేసరికి నడుము మెలిపడి చేతులు బిగుసుకుంటాయి. దీనికి తిరగేసి చేయండి. ఎక్కడ క్లిక్ చేయాలనుకున్నారో అటు పాదాలు పెట్టి, నడుము మాత్రం విమానం వచ్చే వైపు తిప్పండి. మోచేతులు పక్కటెముకలకి ఆనించండి. విమానం దగ్గరికొచ్చే కొద్దీ నడుము దానంతటదే సర్దుకుంటుంది. ఫోకస్ పాయింట్ ఒక్కటే ఉంచి కాక్‌పిట్ కిటికీ మీద పెట్టి, అది అక్కణ్ణుంచి జారకుండా చూసుకోండి. కంటిన్యువస్ ఫోకస్ (కదిలేదాన్ని వెంటాడే ఫోకస్), బరస్ట్ (వరసగా ఫొటోలు తీసేది) రెండూ ఆన్‌లో ఉండాలి. చివరి క్లిక్ అయ్యాక కూడా ఒక క్షణం తిప్పుతూనే ఉండండి. క్లిక్‌తో పాటు చేయి ఆపేస్తే ఆ కుదుపు ఫొటోలో పడుతుంది. లెన్స్ మీద స్టెబిలైజర్‌కి (చేతి వణుకుని సర్దేది) మోడ్ 2 ఉంటే అది పెట్టుకోండి, సాధారణంగా అది ప్యానింగ్ కోసం పెట్టిందే.

షట్టర్ మెకానికల్‌గా ఉందో లేదో కూడా చూసుకోండి. ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సార్‌ని ఒక్కో వరుసగా చదువుకుంటూ పోతుంది, ఆ లోపు బ్లేడు జరిగిపోతుంది. ఫోన్‌తో తీసిన ఫొటోల్లో బ్లేడ్లు అరటిపండులా వంగిపోయేది ఇందుకే.

ఎండ కూడా ఇబ్బందే. మంచి ఎండలో ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) 100, షట్టర్ 1/125 అంటే అపెర్చర్‌ని, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్/14 దాకా మూయాల్సి వస్తుంది (ఎఫ్ పక్కన అంకె పెరిగే కొద్దీ రంధ్రం చిన్నదవుతుంది). అంత మూస్తే వివరాలు కాస్త మెత్తబడతాయి, పైగా సెన్సార్ మీద ఉన్న దుమ్మంతా ఆకాశంలో మచ్చలై తేలుతుంది. వెలుతురుని రెండు స్టాపులు, అంటే నాలుగో వంతుకి, తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్ ముందు పెట్టే నల్లటి అద్దం) వేస్తే ఎఫ్/7 దగ్గరికి రావచ్చు. ఫిల్టర్ కొనక్కర్లేదు అనుకుంటే పొద్దున్నే వెళ్లండి. నాకైతే అదే ఇష్టం.

ఇక అభ్యాసం. తిన్నగా విమానాశ్రయానికి పరిగెత్తకండి. రోడ్డు పక్కన క్షేమమైన చోట నిలబడి, అడ్డంగా పోయే కార్ల మీద వారం రోజులు చేయి తిప్పుకోండి. తర్వాత ప్రొపెల్లర్ విమానానికి 1/320 తో మొదలుపెట్టి 1/250, 1/160, 1/125 అంటూ ఒక్కో మెట్టూ దిగండి. ముప్పై ఫ్రేముల్లో మూడు పనికొస్తే టెన్షన్ పడకండి, మొదట్లో అంతే. కాకపోతే ఆ రోజు ఇంటికి తెచ్చుకోవాలనుకున్న ఫొటో 1/320 లోనే తీసి పెట్టుకుని, ప్రయోగాలు తర్వాత చేయండి.

ఇంటికొచ్చాక పాడైన ఫ్రేముల్ని వెంటనే చెరిపేయకుండా పూర్తి సైజులో చూడండి. అక్షరాలు పైకీ కిందకీ సాగి ఉంటే మీ చేయి ఊగింది. అడ్డంగా సాగితే మీ వేగం విమానం వేగంతో కలవలేదు. ముక్కు స్పష్టంగా ఉండి తోక మాత్రం అలుక్కుపోతే మీరు నిలబడ్డ కోణమే కారణం. విమానం ఏటవాలుగా మీ వైపు వస్తున్నప్పుడు ముక్కు, తోక ఫ్రేములో ఒకే వేగంతో జరగవు. పూర్తిగా పక్క నుంచి కనిపించే చోటు వెతుక్కోండి.

హెలికాప్టర్ల జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. చిన్న హెలికాప్టర్‌కి రెండు బ్లేడ్లే ఉండి, నిమిషానికి 400 చుట్ల దగ్గర తిరుగుతుంటే 1/60 లో కూడా నిండు చక్రం రాదు. వాటి సంగతి 6వ పాఠంలో.