సి డ్రైవ్‌లో బోలెడు ఖాళీ ఉన్నా ష్రింక్ కావడం లేదా?

విండోస్ ల్యాప్‌టాప్‌లో పార్టిషన్ (సి, డి లాగా డిస్కును విడదీసిన ఒక భాగం) సైజు మార్చబోయి ఆగిపోయినవాళ్లు చెప్పేది దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఇంత ఖాళీ ఉంది కదా, ఎందుకు కావడం లేదు?" ఖాళీ ఎంత ఉందన్నది తర్వాతి సంగతి. అది ఎక్కడ ఉందో ముందు చూడాలి. విండోస్‌లోనే ఉండే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే కింది భాగంలో పార్టిషన్లు ఎడమ నుంచి కుడికి వరుసగా కనిపిస్తాయి. ఆ వరుసను నిదానంగా చూస్తే సగం సమస్యలు అక్కడే తేలిపోతాయి. అది చూడకుండా ఏదో ఉచిత సాఫ్ట్‌వేర్ దించుకుని డిస్కును దాని చేతిలో పెట్టేవాళ్లే ఎక్కువ. దయచేసి అలా చేయకండి.

ముఖ్యమైన ఫైళ్లకు బయట ఒక కాపీ ఉందని, చార్జర్ పెట్టి ఉందని అనుకుని మొదలుపెడుతున్నాను.

లక్షణం: ఎక్స్‌టెండ్ వాల్యూమ్ (పార్టిషన్‌ను పెంచే ఆప్షన్) బూడిద రంగులో ఉంది, నొక్కితే పనిచేయదు

సి నిండిపోయింది. డి ని 50 జీబీ తగ్గించారు. అన్‌ఎలొకేటెడ్ (ఏ పార్టిషన్‌కూ చెందనిది) అని నల్ల గీతతో చోటు కనిపిస్తోంది, కానీ సి కి కలవడం లేదు. కారణం: ష్రింక్ (పార్టిషన్‌ను తగ్గించడం) ఎప్పుడూ పార్టిషన్ చివరి నుంచే కోస్తుంది. ఆ చోటు డి కి కుడి పక్కన పడింది, సి కి డి అడ్డంగా ఉంది. పార్టిషన్ మొదలును జరపడం డిస్క్ మేనేజ్‌మెంట్‌కు రాదు. డి లోని ఫైళ్లను బయటి డిస్కులోకి తీసి, డి ని తొలగించి, సి ని కావలసినంత పెంచి, మిగిలిన చోట డి ని మళ్లీ సృష్టించండి.

అంతకుముందు ఎడమ అంచున డిస్క్ 0, డిస్క్ 1 అని ఉన్నాయేమో చూడండి. ఎస్‌ఎస్‌డీ, హార్డ్ డిస్క్ రెండూ ఉన్న ల్యాప్‌టాప్‌లో సి ఒకదానిలో, డి ఇంకోదానిలో ఉంటే ఈ పద్ధతిలో ఒకదాని చోటు ఇంకోదానికి కలవదు.

అడ్డంగా ఉన్నది రికవరీ పార్టిషన్ (విండోస్ పాడైతే బాగుచేసే సాధనాలు ఉండేది) అయితే దాన్ని తొలగించకండి. జీపార్టెడ్ (విండోస్ నడవకుండా బయటి నుంచి పార్టిషన్లను మార్చే ప్రోగ్రామ్) ఉన్న పెన్ డ్రైవ్‌తో బూట్ చేసి దాన్ని కుడి చివరకు జరపండి. విండోస్‌లోకి తిరిగి వచ్చాక అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో రీఏజెంట్‌సీ స్లాష్ ఇన్ఫో (reagentc /info) కొట్టండి. డిసేబుల్డ్ అని వస్తే అదే కమాండ్‌ను స్లాష్ ఎనేబుల్‌తో (reagentc /enable) నడపండి.

లక్షణం: 300 జీబీ ఖాళీ ఉంటే ష్రింక్ కిటికీ నాలుగైదు జీబీలే ఇస్తానంటోంది

ముందుగా, ఆ పెట్టెలో అంకె మెగాబైట్లలో ఉంటుంది. 50 జీబీ కావాలంటే 51200 అని వేయాలి.

ఇక అసలు కారణం. అది ఆ కిటికీలోనే రాసి ఉంటుంది, ఎవరూ చదవరు: కదపలేని ఫైళ్లు ఉన్న చోటు దాటి వాల్యూమ్‌ను, అంటే పార్టిషన్‌ను, తగ్గించలేమని, వివరాలకు అప్లికేషన్ లాగ్‌లో డీఫ్రాగ్ ఈవెంట్ చూడమని. విండోస్ నడుస్తున్నంతసేపూ కొన్ని సిస్టమ్ ఫైళ్లు కదలవు. రైలు చివరి బోగీలో ఒక్క ప్రయాణికుడు కూర్చుని ఉన్నా ఆ బోగీని విడదీయలేరు కదా, ఇదీ అంతే. డిస్క్ చివర్లో అలాంటి ముక్క ఒక్కటి ఉన్నా దాని ముందున్న ఖాళీ అంతా మీకు అందదు.

డీఫ్రాగ్ (చెదిరిన ఫైళ్ల ముక్కలను ఒకచోట సర్దే పని) నడిపితే సరిపోతుందని చాలామంది చెబుతారు. సరిపోదు. ఆ ఫైళ్లను అదీ కదపలేదు.

అడ్డుపడుతున్న ఫైలు పేరును విండోస్ తానే చెబుతుంది. ష్రింక్ కిటికీ ఒకసారి తెరిచి మూసేయండి. ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, అందులో అప్లికేషన్‌కు వెళ్లి 259 నంబరు ఈవెంట్ వెతకండి. చివరి కదపలేని ఫైలు ఇదీ అంటూ ఒక పేరు ఉంటుంది. ఆ పేరును బట్టే వైద్యం.

హైబర్‌ఫిల్ డాట్ సిస్ అని ఉంటే అది హైబర్నేషన్ ఫైలు. అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్ ఆఫ్ (powercfg /h off) కొడితే తొలగిపోతుంది. పేజ్‌ఫైల్ డాట్ సిస్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే పేజింగ్ ఫైలు) అయితే వర్చువల్ మెమరీ సెట్టింగుల్లో సి కి పేజింగ్ ఫైలు వద్దని పెట్టి రీస్టార్ట్ చేయాలి. సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ కింద మీసాల బ్రాకెట్లలో పొడవాటి అంకెలు, అక్షరాలు కనిపిస్తే అవి రీస్టోర్ పాయింట్లు, విండోస్‌ను పాత స్థితికి తేవడానికి దాచినవి. సిస్టమ్ ప్రొటెక్షన్‌లో సి ని ఆపి, ఉన్న పాయింట్లను తొలగించండి. అవి తిరిగి రావు, ఆలోచించి చేయండి. డాలర్ గుర్తుతో యుఎస్‌ఎన్‌జర్నల్ ($UsnJrnl, ఫైళ్లలో మార్పులను రాసుకునే జర్నల్) అని ఉంటే ఎఫ్‌ఎస్‌యుటిల్ యుఎస్‌ఎన్ డిలీట్‌జర్నల్ స్లాష్ డి (fsutil usn deletejournal /d) అని కొట్టి, పక్కన డ్రైవ్ పేరు ఇవ్వండి.

అందరూ దెబ్బతినేది దీని తర్వాతే. ఒక ఫైలు తీసేస్తారు, కిటికీలో అంకె పెద్దగా మారదు, ఈ పద్ధతి పనిచేయదని వదిలేస్తారు. 259 చూపేది చివరి ఫైలును మాత్రమే. అది పోతే దాని వెనక ఉన్నది చివరిది అవుతుంది. పేజ్‌ఫైల్ పోయాక రీస్టోర్ పాయింటు, అది పోయాక జర్నల్ బయటపడవచ్చు. కాబట్టి ఒకటి తీసిన ప్రతిసారీ ష్రింక్ కిటికీ మళ్లీ తెరిచి, కొత్తగా వచ్చిన 259 ను చదవండి. పాతదాన్నే చూస్తూ కూర్చోకుండా దాని సమయం సరిచూసుకోండి.

డాలర్ గుర్తుతో ఎంఎఫ్‌టీ అని వస్తే అది ఫైల్ సిస్టమ్ పట్టిక. విండోస్ లోపల నుంచి దానితో కుస్తీ పట్టకండి. జీపార్టెడ్‌తో బయటి నుంచి తగ్గించండి. అప్పుడు రెండు జాగ్రత్తలు తప్పనిసరి. ఫాస్ట్ స్టార్టప్ ఉన్న విండోస్‌ను షట్‌డౌన్ చేసినా అది సగం నిద్రలోనే ఉంటుంది, అలాంటి డ్రైవ్‌ను జీపార్టెడ్ ముట్టుకోదు. హైబర్నేషన్ ఆపితే ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగుతుంది. రెండోది బిట్‌లాకర్, అంటే డ్రైవ్‌లోని డేటాకు తాళం వేసే ఎన్‌క్రిప్షన్. కొత్త ల్యాప్‌టాప్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ మీకు తెలియకుండానే ఆన్ అయి ఉండవచ్చు. రికవరీ కీ రాసి పెట్టుకుని, సి ని పూర్తిగా డీక్రిప్ట్ చేశాకే జీపార్టెడ్ జోలికి వెళ్లండి.

ష్రింక్ అయ్యాక ఆపినవన్నీ తిరిగి ఆన్ చేయండి, ముఖ్యంగా పేజింగ్ ఫైలు, సిస్టమ్ ప్రొటెక్షన్.

మిగిలినవి

ఫైల్ సిస్టమ్ పాడైందని సందేశం వస్తే చెక్‌డిస్క్‌ను (డిస్క్ లోపాలు సరిచేసే కమాండ్) స్లాష్ ఎఫ్‌తో (chkdsk /f) నడిపి మళ్లీ ప్రయత్నించండి. ఎక్స్‌ఫ్యాట్, ఫ్యాట్32 ఫైల్ సిస్టమ్ ఉన్న డ్రైవ్‌లను విండోస్ తగ్గించలేదు. పాత ఎంబీఆర్ (పార్టిషన్ల జాబితా రాసే పాత పద్ధతి) డిస్కులో నాలుగు ప్రైమరీ పార్టిషన్లు ఇప్పటికే ఉంటే ఖాళీ చేసిన చోట ఐదోది రాదు. చెక్‌డిస్క్‌లో బ్యాడ్ సెక్టార్లు కనిపిస్తే పార్టిషన్ సంగతి పక్కన పెట్టి, ఆ రోజే డేటా మొత్తం వేరే డిస్కుకు తరలించండి.