పేరుకి సోకులు అద్దే ముందు: ఫ్యాన్సీ అక్షరాలతో జాగ్రత్తలు

ఒకసారి చిన్న వర్క్‌షాప్‌కి ఆహ్వానం తయారుచేశాను. టైటిల్, తేదీ, టైమ్ అన్నీ ఇంగ్లిష్‌లో, వంపులు తిరిగిన ఫ్యాన్సీ అక్షరాల్లో. గ్రూపులో లైకులు బాగానే పడ్డాయి. చూపు లేని మిత్రుడొకడు మాత్రం ఫోన్ చేశాడు. “అన్నా, లెక్కల క్లాసు పెడుతున్నావా?” తెర మీద ఉన్నదాన్ని బయటికి చదివి వినిపించే అతని స్క్రీన్ రీడర్ చదివింది ఇదీ: “మ్యాథమెటికల్ బోల్డ్ స్క్రిప్ట్ క్యాపిటల్ డబ్ల్యూ, మ్యాథమెటికల్ బోల్డ్ స్క్రిప్ట్ స్మాల్ ఓ…” మొదటి మాట పూర్తి కాకముందే విసుగొచ్చి ఆపేశాడట. తేదీ దాకా వెళ్లనే లేదు.

తప్పు అతని ఫోన్‌ది కాదు. మనం టైప్ చేసిన మాటను వంపుల అక్షరాల్లో తిప్పి ఇచ్చే ఫ్యాన్సీ టెక్స్ట్ సైట్లు మార్చేది ఫాంటును కాదు, అక్షరాన్నే. గణితంలో మామూలు ఎక్స్ వేరు, బొద్దు ఎక్స్ వేరు. అందుకని, కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో, 2001లో వచ్చిన 3.1 వెర్షన్‌లో బొద్దువి, వాలువి, చేతిరాతలా ఉండేవి కలిపి దాదాపు వెయ్యి గణిత గుర్తులు చేర్చారు. మనం పేర్లకు తొడుగుతున్నది వాటినే. తలకిందుల అక్షరాలదీ ఇదే కథ, వాటిలో చాలావరకు ఉచ్చారణ రాయడానికి పెట్టిన గుర్తులు. కంటికి ‘ఏ’లా కనిపించినంత మాత్రాన కంప్యూటర్‌కి అది ‘ఏ’ కాదు. కొన్ని రీడర్లయితే వీటిని చదవకుండా దాటేస్తాయి కూడా. అది ఇంకా ఘోరం, అక్కడ ఏదో ఉందన్న సంగతే వినేవాళ్లకు తెలియదు.

కాబట్టి అలంకారం ఒకటి రెండు మాటలకే ఉంచండి. తేదీ, అడ్రసు, డబ్బు వివరాల జోలికి అసలు వెళ్లొద్దు. ఫోన్ నంబరు అంకెలు మారిస్తే నొక్కినప్పుడు డయల్ కాకపోవచ్చు. లింకును అలంకరిస్తే చాలా ఆప్‌లు దాన్ని లింకుగానే గుర్తించవు. రెజ్యూమెలో పేరు ముచ్చటగా ఉంది కదా అనుకుంటే, రేపు ఆ ఫైళ్లలో ఎవరైనా మీ పేరు మామూలుగా టైప్ చేసి వెతికినప్పుడు దొరకకపోవచ్చు. కొన్ని సెర్చ్‌లు ఈ వేషాలను విప్పి చూస్తాయి, అన్నీ చూడవు. పాస్‌వర్డ్‌లో మాత్రం పొరపాటున కూడా వద్దు. కాపీ చేసి పెట్టిన ఆ గుర్తును ఇంకో ఫోన్‌లో ఏ కీతో కొడతారు?

ఎస్ఎంఎస్ పంపేవాళ్లకు ఇంకో దెబ్బ ఉంది. మామూలు ఇంగ్లిష్ మెసేజ్‌లో 160 అక్షరాలు పడతాయి. అందులో ఒక్క ఫ్యాన్సీ అక్షరం దూరినా మెసేజ్ మొత్తం యూనికోడ్‌లోకి మారి పరిమితి 70కి పడిపోతుంది. గణిత అక్షరం ఒక్కోటి రెండు చోట్లు తింటుంది, అంటే అన్నీ అవే అయితే 35. మెసేజ్ ముక్కలై, ముక్కకింత అని బిల్లు పడుతుంది.

ప్రొఫైల్ పేరు మార్చేముందు ఆ ఆప్ రూల్స్ చూడండి. ఫేస్‌బుక్ పేరులో గుర్తులు, వింత క్యారెక్టర్లు ఒప్పుకోదు. ఒకసారి పేరు మారిస్తే మళ్లీ 60 రోజుల దాకా మార్చనివ్వదు. ఇన్‌స్టాగ్రామ్‌లో యూజర్‌నేమ్‌కి మామూలు అక్షరాలు, అంకెలు, చుక్క, అండర్‌స్కోర్ మాత్రమే పనికొస్తాయి. సోకులేమైనా ఉంటే పైనుండే పేరు బాక్స్‌లోనే.

తెలుగుకి ఈ గణిత వేషాలు లేవు. తెలుగు పేరు ఆ సైట్లో పెడితే పెట్టినట్టే బయటికొస్తుంది, మహా అయితే చుట్టూ పూలూ చుక్కలూ చేరతాయి. అక్షరం పైనా కిందా గీతల గుట్టలు పేర్చే దయ్యపు స్టైల్ ఒకటుంది, దానితో మాత్రం జాగ్రత్త. పక్క లైన్ల మీదికి కూడా పాకి ఎవరి మెసేజూ చదవనివ్వదు. అక్షరాల కూర్పు ఎంత పని చేయగలదో చెప్పడానికి మన ‘జ్ఞా’నే సాక్ష్యం. 2018 ఫిబ్రవరిలో, మధ్యలో కనిపించని ఒక క్యారెక్టర్ చేరిన ‘జ్ఞా’ మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో ఆప్‌లు కుప్పకూలేవి. ఆపిల్ ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్‌తో దాన్ని సరిచేసింది.

అక్షరాలు మార్చుకోవడానికి కొత్త కీబోర్డ్ ఆప్ ఎక్కించుకోవడం నాకు నచ్చదు. మీరు దానితో కొట్టే ప్రతి అక్షరమూ, చాలా ఫోన్లలో పాస్‌వర్డ్‌తో సహా, దాని చేతుల మీదుగానే పోతుంది. లాగిన్ అడగని వెబ్ పేజీలో మార్చుకుని కాపీ చేసుకుంటే సరిపోతుంది. అసలు టెక్స్ట్ ఒక కాపీ పక్కన దాచుకోండి. గణిత అక్షరాలను మళ్లీ మామూలుగా మార్చే పద్ధతి యూనికోడ్‌లోనే ఉంది గానీ, తలకిందులు చేసినవి దానికి లొంగవు.

వాట్సాప్‌లో అయితే ఈ గొడవే లేదు. మాటకు ముందూ వెనకా స్టార్ గుర్తు పెడితే బొద్దుగా, అండర్‌స్కోర్ పెడితే వాలుగా వస్తుంది. తెలుగుకీ పనిచేస్తుంది, అక్షరం మాత్రం మారదు.

పోస్ట్ చేసే ముందు పాత ఫోన్ ఒకదానికి పంపి చూడండి, డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తే అందులో ఆ అక్షరాలకు ఫాంటు లేనట్టే. తర్వాత మీ ఫోన్‌లోనే స్క్రీన్ రీడర్ ఆన్ చేసి ఒకసారి వినండి. తర్వాతి ఆహ్వానం నేను అలాగే పంపాను, టైటిల్‌లో ఒక్క మాట తప్ప అంతా మామూలు అక్షరాల్లో. మిత్రుడు తేదీ, టైమ్ అప్పజెప్పి, “ఆ ఒక్క లెక్క మాత్రం నాకు రాలేదన్నా” అన్నాడు.